చట్టమంతా పెట్టె మీద, అమ్మకమంతా విడిగా

సాయంత్రం ఆరు దాటాక మాదాపూర్‌లో ఏ ఐటీ ఆఫీసు పక్క సందులోకి వెళ్లినా ఒక టీ బండి, దాన్ని ఆనుకుని ఒక పాన్ డబ్బా, డబ్బాకు దారంతో వేలాడే ఒక లైటర్ కనిపిస్తాయి. మెడలో ఐడీ కార్డు వేసుకున్న మనిషి వచ్చి "అన్నా, ఒక చిన్నది" అంటాడు. డబ్బావాడు చెయ్యి వెనక్కి పెట్టి, చూడకుండానే ప్యాకెట్‌లోంచి ఒక సిగరెట్ లాగి ఇస్తాడు. పేమెంట్ స్పీకర్ మోగుతుంది. లైటర్ వెలుగుతుంది. వెళ్లేటప్పుడు నోరు వాసన రాకుండా ఒక పుదీనా బిళ్ల. మొత్తం బేరం అరనిమిషం. ఆ అరనిమిషంలో ప్యాకెట్ కొనేవాడి చేతికి రాలేదు. దాని మీద ముందూ వెనకా 85 శాతం మేర అచ్చేసిన క్యాన్సర్ బొమ్మ, మానాలనుకునేవాళ్ల కోసం కింద వేసిన 1800-11-2356 నంబరు అతని కంట పడలేదు. ఎమ్మార్పీ కూడా చూడలేదు. పదితో భాగిస్తే వచ్చే చిల్లరను పైకి సర్దుకోవడం డబ్బావాడి హక్కు, దాన్ని ఎవరూ అడగరు.

దేశదేశాల పొగాకు చట్టాలను పక్కపక్కన పెట్టినప్పుడు ముందుగా కంటపడేది జరిమానా. ఫలానా దేశంలో అంత కఠినం, ఫలానా చోట ఇంత సడలింపు అని ఒక పట్టిక తయారవుతుంది. ఆ పట్టిక చదవడానికి బాగుంటుంది కానీ దానితో పెద్దగా ఏమీ తెలియదు. చట్టం చేతిలో ఏది చిక్కిందన్నది చూస్తేనే తేడా తెలుస్తుంది. కొన్ని దేశాలు పొగతాగే చోటును పట్టుకున్నాయి. కొన్ని అమ్మే దుకాణాన్ని పట్టుకున్నాయి. కొన్ని ఏకంగా కొనేవాడి పుట్టినతేదీని పట్టుకున్నాయి. మన చట్టంలో అన్నీ కొంచెం కొంచెం ఉన్నా, దాని బలమంతా ప్యాకెట్ మీదే. హైదరాబాద్ లాంటి ఊళ్లో అమ్మకం ప్యాకెట్ల లెక్కన సాగదు. మన చట్టం కాగితం మీద గట్టిగా, రోడ్డు మీద పలచగా కనిపించడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. అందరూ దాన్ని కోట్పా అంటారు. అంతకుముందే, 2001 నవంబరులో, మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చట్టం అయిదో సెక్షన్ ప్రకటనలను ఆపింది. ఆరో సెక్షన్ 18 ఏళ్ల లోపువారికి, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మకాన్ని ఆపింది. ఏడో సెక్షన్ ప్యాకెట్ మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఆ హెచ్చరిక పరిమాణం పెరుగుతూ 2016 ఏప్రిల్ 1 నాటికి 85 శాతానికి చేరింది. ఈ ఒక్క విషయంలో మన దేశం అమెరికాకు పాఠం చెప్పే స్థితిలో ఉంది. అక్కడ బొమ్మల హెచ్చరికలు పెట్టాలని 2009లోనే కాంగ్రెస్ చట్టం చేసినా, బలవంతంగా అచ్చేయించడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కంపెనీలు కోర్టుకెక్కాయి. 2012లో మొదటి విడత బొమ్మలను కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తెచ్చిన కొత్త బొమ్మలూ కోర్టుల్లోనే తిరుగుతున్నాయి. అమెరికా ప్యాకెట్ పక్కన ఇంకా నాలుగు ముక్కల అక్షరాల హెచ్చరికే ఉంది.

పన్ను సంగతి ఇంకా విచిత్రం. మన దగ్గర సిగరెట్ మీద ఎక్సైజ్ పన్ను పొడవును బట్టి పడుతుంది. 65 మిల్లీమీటర్లు, 70, 75 అంటూ గీతలున్నాయి, గీత దాటితే పన్ను మారుతుంది. కంపెనీలు ఆ గీతలకు ఒక మిల్లీమీటరు ఇవతల ఆగేలా సిగరెట్లు తయారు చేస్తాయి. డబ్బా దగ్గర "చిన్నది", "కింగ్స్" అని అడిగేవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, వాళ్లు పలికేది ఢిల్లీలో గీసిన పన్ను శ్లాబుల పేర్లు. 2026 ఫిబ్రవరి 1 నుంచి వెయ్యి సిగరెట్లకు పొడవును బట్టి 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్, దాని పైన 40 శాతం జీఎస్టీ పడుతోంది. బీడీకి మాత్రం జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ధర పెరిగినప్పుడు ప్యాకెట్ కొనే దేశంలో మనిషి లెక్క చూసుకుంటాడు, నెలకు ఇంత అయింది అనుకుంటాడు. విడిగా కొనేవాడికి అదే పెంపు రోజుకు రెండు మూడు రూపాయలు. పెద్దగా తెలియదు. తెలిసినా, కింగ్స్ నుంచి చిన్నదానికి దిగితే సరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2003లో ఆమోదం పొంది 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. భారత్ దానికి 2004 ఫిబ్రవరిలోనే కట్టుబడింది. అమెరికా సంతకం చేసి ఊరుకుంది, ఆమోదించలేదు. ఇండోనేషియా సంతకమే పెట్టలేదు. ఆ ఒప్పందం 16వ అధికరణలో, సిగరెట్లను విడిగా గానీ చిన్న ప్యాకెట్లలో గానీ అమ్మకుండా చూడాలని ఒక మాట ఉంది. పిల్లల జేబుకు అందకుండా చేయడం దాని ఉద్దేశం. మన కేంద్ర చట్టంలో ఈ మాట లేదు. 2020 నాటి ముసాయిదా సవరణలో విడి అమ్మకం నిషేధం, 21 ఏళ్ల వయోపరిమితి రెండూ పెట్టారు, అది ముసాయిదా దగ్గరే ఆగింది. మహారాష్ట్ర 2020లో తన పరిధిలో విడి సిగరెట్లను నిషేధించింది. ముంబయిలో డబ్బాలు చూసినవాళ్లకు దాని ఫలితం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇతర దేశాలు ఈ చిక్కును రకరకాలుగా తీర్చుకున్నాయి. బ్రిటన్‌లో 2017 మే నుంచి ఇరవై కంటే తక్కువ సిగరెట్లున్న ప్యాకెట్టే అమ్మకూడదు. పది సిగరెట్ల ప్యాకెట్ కుర్రాళ్ల పాకెట్ మనీకి సరిపోతుందని దాన్ని ఎత్తేశారు. కెనడా అటునుంచి నరుక్కొచ్చింది. ప్యాకెట్ చూడకపోతే సిగరెట్‌నే చూస్తాడు కదా అని, 2023 ఆగస్టు నుంచి ఒక్కో సిగరెట్ ఫిల్టర్ దగ్గరి కాగితం మీదే హెచ్చరిక అచ్చేయించడం మొదలుపెట్టింది. "ప్రతి దమ్ములోనూ విషం" అన్నది అందులో ఒకటి. 2025లో ఆస్ట్రేలియా అదే పద్ధతికి వచ్చింది. నిజానికి విడి సిగరెట్ దాదాపు లేని దేశాలవి. ఆ ఆలోచన అక్కడ పుట్టింది గానీ, దాని అవసరం ఎక్కువున్నది మన డబ్బాలకు.

అమెరికాలో విడి సిగరెట్‌ను లూజీ అంటారు. అమ్మడం నేరం. న్యూయార్క్‌లో రాష్ట్ర పన్నే ప్యాకెట్‌కు 5 డాలర్ల 35 సెంట్లు, మిస్సోరీలో 17 సెంట్లు. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నచోట తక్కువ పన్ను రాష్ట్రం నుంచి సరుకు తెచ్చి వీధి మూలన విడిగా అమ్మడం ఒక పొట్టకూటి పని అవుతుంది. 2014 జులైలో స్టాటెన్ ఐలాండ్‌లో ఎరిక్ గార్నర్‌ను పోలీసులు ఆపింది విడి సిగరెట్లు అమ్ముతున్నాడన్న అనుమానంతోనే. మెడ చుట్టూ చెయ్యి బిగించి కింద పడేశారు, ఆయన చనిపోయాడు. మన దగ్గర కూడలి కూడలికీ పోలీసు కళ్లెదుటే సాగే బేరం అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. విడి అమ్మకాన్ని ఆపితే చాలనేవాళ్లు ఈ కేసును కూడా గుర్తుపెట్టుకోవాలి. చట్టం వచ్చిన తర్వాత దాని బరువు కంపెనీ మీద పడదు, డబ్బావాడి మీద పడుతుంది. హైదరాబాద్‌లో డబ్బా నడిపేది ఎక్కువగా బతుకుతెరువు కోసం ఊరు వదిలి వచ్చినవాళ్లే.

అందుకే అమ్మేవాణ్ని పట్టుకున్న దేశాల పద్ధతి ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. ఇటలీలో సిగరెట్ ఎక్కడ పడితే అక్కడ దొరకదు. టీ అక్షరం బోర్డు ఉన్న తబాక్కెరియాలో దొరుకుతుంది. పాత బోర్డుల మీద ఇంకా 'ఉప్పు, పొగాకు' అని ఉంటుంది, ఒకప్పుడు రెండూ ప్రభుత్వ గుత్తాధిపత్యమే. ఫ్రాన్స్‌లో ఆ పని లైసెన్సున్న తబా దుకాణాలది. హంగరీ 2013లో ఒక్క దెబ్బతో మామూలు కిరాణాల నుంచి, పెట్రోలు బంకుల నుంచి పొగాకును తీసేసి, ప్రత్యేక జాతీయ పొగాకు దుకాణాలకే అప్పగించింది. పదుల వేలల్లో ఉన్న అమ్మకపు చోట్లు కొన్ని వేలకు పడిపోయాయి. ఆ లైసెన్సులు అధికార పార్టీకి దగ్గరివాళ్లకే దక్కాయని అప్పట్లో గొడవ కూడా జరిగింది. దాని తప్పొప్పులు ఎలా ఉన్నా, దుకాణానికి లైసెన్సు ఉన్నచోట పిల్లవాడికి అమ్మితే ఆ లైసెన్సు పోతుందన్న భయం ఉంటుంది. న్యూజిలాండ్ 2022లో చేసిన చట్టం దేశం మొత్తం మీద పొగాకు దుకాణాలను ఆరు వేల నుంచి ఆరు వందలకు తగ్గించాలనుకుంది.

హైదరాబాద్‌లో పాన్ డబ్బా, కిరాణా, టీ కొట్టు, ఇరానీ హోటల్ గల్లా, బస్టాండ్‌లో బుట్ట, ఎక్కడైనా సరే. డబ్బా ముందు 18 ఏళ్ల లోపువారికి అమ్మడం నేరమన్న బోర్డు ఉండాలి. చాలాచోట్ల అది ఉండదు, ఉన్నచోట దాని మీద చిప్స్ దండలు వేలాడుతుంటాయి. పిల్లలకు అమ్మితే కోట్పా కింద జరిమానా 200 రూపాయల దాకా. అదే పనికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. ఒకే తప్పుకు ఒక చట్టంలో రెండు బిర్యానీల ఖర్చు కూడా కాని జరిమానా, ఇంకో చట్టంలో ఏడేళ్ల జైలు. మధ్యలో ఏమీ లేదు. మొదటిదానికి ఎవరూ భయపడరు. రెండోదాన్ని డబ్బావాడి మీద పెట్టడానికి పోలీసుకే మనసొప్పదు. లైసెన్సు రద్దన్నది ఈ రెంటి మధ్యా ఉండాల్సిన మెట్టు.

ఎక్కడ తాగకూడదన్న విషయంలో మన నిబంధనలు చదివితే నవ్వొస్తుంది. కోట్పాలో బహిరంగ స్థలమంటే ఆసుపత్రి, హోటల్, ఆఫీసు, సినిమా హాలు, బస్సు లాంటివి. ఆరుబయలు అందులోకి రాదు. 2008 అక్టోబరు 2 నుంచి వచ్చిన నిబంధనలు ఈ ఆరుబయలుకు కత్తెర వేసి, స్టేడియం, రైల్వే స్టేషన్, బస్టాప్ లాంటివి మళ్లీ నిషేధంలోకి తెచ్చాయి. ఇప్పుడు అమీర్‌పేటలో బస్టాప్ పక్కనే ఉన్న డబ్బాను ఊహించుకోండి. రేకుల కింద బల్ల మీద కూర్చుని తాగితే 200 రూపాయల జరిమానా. నాలుగు అడుగులు అవతల ఫుట్‌పాత్ మీద తాగితే నేరం కాదు. పొగకు ఆ నాలుగు అడుగుల లెక్క తెలియదు. ఇంకోవైపు కనీసం ముప్పై సీట్లున్న రెస్టారెంట్, ముప్పై గదులున్న హోటల్ వేరుగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. చిన్న ఇరానీ హోటల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒకప్పుడు ఉస్మానియా బిస్కెట్, చాయ్‌తో పాటు సిగరెట్ పొగ కూడా కలిసి ఉండే ఆ బల్లలు ఇప్పుడు చాలావరకు ఖాళీ. తాగేవాళ్లు కప్పు పట్టుకుని గుమ్మం బయటికొచ్చి నిలబడతారు. చట్టం బాగా పనిచేసిన చోటు ఏదైనా ఉందంటే అది ఈ గుమ్మమే.

జపాన్ కథ దీనికి తలకిందులు. టోక్యోలో చియోదా వార్డు 2002లోనే రోడ్డు మీద నడుస్తూ సిగరెట్ తాగితే 2,000 యెన్‌ల జరిమానా పెట్టింది. నిప్పు పక్కవాడికి, ముఖ్యంగా పిల్లల ముఖాలకు తగులుతుందన్నది అక్కడి బాధ. హోటళ్లలో, బార్లలో మాత్రం మామూలుగా తాగేవారు. లోపల తాగడాన్ని కట్టడి చేసే దేశవ్యాప్త చట్టం 2020 ఏప్రిల్‌కు గానీ పూర్తిగా అమల్లోకి రాలేదు, అందులో కూడా పాత చిన్న బార్లకు మినహాయింపు ఉంది. జపాన్ టొబాకో కంపెనీలో మూడో వంతు వాటా ప్రభుత్వం చేతిలో ఉండి తీరాలని అక్కడి చట్టమే చెబుతుంది. ఐర్లాండ్ ఇంకో చివర. 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటా పొగను ఆపేసిన మొదటి దేశం అది. అక్కడ వాదన తాగేవాడి ఆరోగ్యం గురించి కాదు, బార్లో ఎనిమిది గంటలు నిలబడి పనిచేసేవాడి ఊపిరితిత్తుల గురించి. ఈ కోణం మన దగ్గర చర్చలోకి వచ్చింది తక్కువ. ఫ్రాన్స్ 2025 జూన్ చివరి నుంచి బీచ్‌లు, పార్కులు, బస్టాపులు, బడుల చుట్టుపక్కల తాగితే 135 యూరోలు వేస్తోంది. కాఫీ కొట్టు బయటి బల్లలను మాత్రం ముట్టుకోలేదు. ఫ్రెంచివాళ్ల దగ్గర అంతకు మించి ఆశించలేం.

ఇక పొగ లేని పొగాకు. మన దేశంలో పొగాకు చట్టం అనగానే సిగరెట్ గుర్తొస్తుంది గానీ, 2016-17లో పొగాకు వాడకంపై జరిగిన గాట్స్ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో పొగతాగేవాళ్లు 10.7 శాతమైతే, నమిలేవాళ్లు, పెట్టుకునేవాళ్లు 21.4 శాతం. రెట్టింపు. గుట్కాను ఆపింది పొగాకు చట్టం కాదు, ఆహార చట్టం. తినే వస్తువులో పొగాకు, నికోటిన్ కలపకూడదన్న 2011 నాటి నిబంధనను పట్టుకుని రాష్ట్రాలు ఏడాదికోసారి నిషేధం పొడిగిస్తూ వస్తున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2013లో మొదలైంది, తెలంగాణ దాన్ని కొనసాగిస్తోంది. ఏటా ఒక ఉత్తర్వు, ఏటా పట్టివేతలు. వ్యాపారులు కూడా తెలివిగా కలిపి అమ్మడం మానేశారు. పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఇంకో పొట్లం. అరచేతిలో పోసుకుని బొటనవేలితో కలుపుకునే పని కొన్నవాడిది.

ఐరోపాలో ఇదే విషయం మరో రూపంలో నడిచింది. నోట్లో పెదవి కింద పెట్టుకునే స్నూస్ అనే పొగాకును ఐరోపా సమాజం (ఇప్పటి ఐరోపా యూనియన్) 1992లోనే నిషేధించింది. 1995లో చేరేటప్పుడు స్వీడన్ దానికి మినహాయింపు అడిగి తీసుకుంది. ఇప్పుడు ఐరోపాలో పొగతాగేవాళ్లు అతి తక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి. దీన్ని చూపించి నోటి పొగాకే మేలనే వాదన వినిపిస్తుంది. స్నూస్ వేరు, వక్క, సున్నం, మసాలాలతో కలిసిన గుట్కా వేరు. మన ఆసుపత్రుల్లోని నోటి క్యాన్సర్ వార్డులకు స్వీడన్ లెక్కలు అతకవు.

ఈ తేడా ఎక్కువ దెబ్బకొట్టేది శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లను. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు పనికి వెళ్లే మనిషి సంచిలో రెండు పచ్చడి సీసాలతో పాటు ఖైనీ పొట్లాలు పెట్టుకోవడం మామూలే. దుబాయ్‌లో సిగరెట్ దర్జాగా దొరుకుతుంది, హుక్కా కేఫ్‌లు వీధివీధినా ఉంటాయి. తమలపాకుతో సహా పాన్ సరుకు తెస్తే కస్టమ్స్‌లో తీసేస్తారు. సింగపూర్ 2016 ఆగస్టు నుంచి గుట్కా, ఖైనీ, జర్దాలను పేరుపేరునా నిషేధించింది. అక్కడికి సిగరెట్ ప్యాకెట్ తీసుకెళ్లినా సుంకం మినహాయింపు ఒక్క సిగరెట్‌కు కూడా లేదు, అన్నిటికీ పన్ను కట్టాలి. కొనే వయసు 21. ఈ-సిగరెట్ జేబులో ఉండటమే నేరం. ఆస్ట్రేలియాలో విప్పని ప్యాకెట్‌లో 25 సిగరెట్ల దాకానే సుంకం లేకుండా రానిస్తారు. మన ఊళ్లో తప్పు కాని వస్తువు దిగిన చోట తప్పు అవుతుందని చెప్పే బోర్డు ఎయిర్‌పోర్టులో కన్నా ఏజెంటు ఆఫీసులో ఉంటే పనికొస్తుంది.

హుక్కాది దీనికి తిరగబడ్డ కథ. గల్ఫ్‌లో, టర్కీలో లైసెన్సుతో నడిచే వ్యాపారాన్ని తెలంగాణ 2024 ఫిబ్రవరిలో కోట్పాకు రాష్ట్ర సవరణ చేసి ఆపేసింది. నిజాం కాలం నుంచి హుక్కా తెలిసిన ఊరు, అరబ్బు మూలాలున్న బార్కస్ ఉన్న ఊరు ఇది. శాసనసభలో ఆ బిల్లుకు పెద్ద అడ్డంకి రాలేదు. పార్లర్లలో కాలేజీ పిల్లలున్నారన్న మాట చాలింది. ఎవరి ఉపాధీ పోదని తెలిస్తే నిషేధం ఎంత సులువో చెప్పడానికి హుక్కా ఒక ఉదాహరణ, ఈ-సిగరెట్ రెండోది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, డిసెంబరులో చట్టంతో దేశమంతా ఈ-సిగరెట్ తయారీ, అమ్మకం, దిగుమతి ఆగిపోయాయి. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదే పరికరాన్ని బ్రిటన్ ప్రభుత్వం సిగరెట్ మానడానికి మెట్టుగా పంచిపెట్టింది, ఒకసారి వాడి పారేసే రకాన్ని మాత్రం 2025 జూన్‌లో ఆపింది. కాలే సిగరెట్‌ను ప్రతి సందులో అమ్మనిచ్చి, కాలని దాన్ని మాత్రం నేరం చేసిన మన పద్ధతికి ఆరోగ్య కారణాలే చెప్పారు. ఈ-సిగరెట్‌కు మన దగ్గర రైతు లేడు, చుట్టే కార్మికురాలు లేదు, పన్ను రాబడీ లేదన్నది కూడా మర్చిపోకూడదు.

పొగాకుకు అవన్నీ ఉన్నాయి. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. ఒంగోలు, కందుకూరు, టంగుటూరు వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకు ధర పడిపోతే మంత్రులే దిగొస్తారు. హైదరాబాద్‌లో ముషీరాబాద్ పక్కన అజామాబాద్‌లో ఉన్న, 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ పేరునే సిగరెట్‌కు పెట్టింది. ఆ కంపెనీ పొడి అక్షరాలే ఇప్పుడు ఆ ప్రాంతం పేరు. ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన అని జనం చెప్పుకునేటప్పుడు అది సిగరెట్ ఫ్యాక్టరీ అన్న సంగతి ఎవరికీ తట్టదు. సిగరెట్ కంపెనీల్లో పెద్దదైన ఐటీసీలో ఎల్‌ఐసీకి వాటాలున్నాయి. ఉత్తర తెలంగాణలో కామారెడ్డి, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాలల్లో ఇంటి అరుగు మీద చాట ముందేసుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద పింఛను ఇచ్చింది. బీడీ కట్ట మీద 'పుర్రె గుర్తు' అన్న మాట అక్కడి ఎన్నికల సభల్లో ఇప్పటికీ ఓట్ల మాటే. బీడీకి పన్ను తగ్గి సిగరెట్‌కు పెరగడాన్ని ఆరోగ్యం లెక్కలతో వివరించలేం. ఈ అరుగుల లెక్కతో వెంటనే అర్థమవుతుంది.

చైనా దీనికి పరాకాష్ఠ. అక్కడ సిగరెట్ తయారు చేసేది ప్రభుత్వ సంస్థే, ప్రపంచంలో ఇంకే కంపెనీ దాని దరిదాపుల్లో లేదు. బీజింగ్ 2015 జూన్ నుంచి ఇళ్లు కాని భవనాల్లో పొగను ఆపింది, ఇంకొన్ని నగరాలూ ఆపాయి. దేశమంతటికీ ఒకే చట్టం మాత్రం రాలేదు.

అన్నిటికంటే ముందుకు పోయి తల బొప్పి కట్టించుకున్నది భూటాన్. 2004లోనే అమ్మకాన్ని నిషేధించింది, 2010లో చట్టాన్ని బిగించింది. 2011లో ఒక యువ బౌద్ధ భిక్షువు దగ్గర నమిలే పొగాకు పొట్లాలు దొరికితే మూడేళ్ల జైలు వేశారు. ఆ పొట్లాల విలువ మన లెక్కలో వంద రూపాయలు అటూ ఇటూ. దేశం గగ్గోలెత్తింది, తర్వాత చట్టాన్ని సడలించారు. పొగాకు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. సరిహద్దులోని ఫుంట్‌షోలింగ్ గేటు దాటితే మన జైగావ్, అక్కడ ప్రతి కొట్టులో ఉంది. కోవిడ్ వచ్చాక ఆ దొంగ రవాణాతో పాటు వైరస్ కూడా వస్తుందన్న భయంతో 2021లో భూటాన్ అమ్మకానికి మళ్లీ తలుపు తీసింది. ఆస్ట్రేలియాది నిషేధం కాదు, ధర. 2012 డిసెంబరులో ప్రపంచంలో మొదటిసారి ప్యాకెట్ల మీద రంగులు, లోగోలు తీయించి బురద రంగు పూయించిన దేశం అది. కంపెనీలు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా, కొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి ఓడిపోయాయి. అక్కడివరకు గెలుపే. ఆ తర్వాత ఒక్కో సిగరెట్ మీద ఎక్సైజే ఒక డాలర్ దాటేసరికి దొంగ సరుకు పెరిగింది. 2023 నుంచి మెల్‌బోర్న్ చుట్టుపక్కల పొగాకు దుకాణాలకు ముఠాలు వరసగా నిప్పు పెట్టాయి.

పుట్టినతేదీని పట్టుకున్న దేశాల పద్ధతిలో ఇప్పుడు తాగేవాళ్ల జోలికి వెళ్లరు. ఫలానా తేదీ తర్వాత పుట్టినవాళ్లకు ఎప్పటికీ అమ్మరు. న్యూజిలాండ్ 2009 జనవరి 1ని గీతగా పెట్టి 2022లో చట్టం చేసింది. ప్రభుత్వం మారాక, 2024 ఫిబ్రవరిలో, అది అమలుకు రాకముందే రద్దయింది. పన్ను తగ్గింపులకు కావలసిన సొమ్ములో కొంత దీని వల్ల వస్తుందని అక్కడి ఆర్థికమంత్రే చెప్పారు. బ్రిటన్ అదే తేదీతో 2024 నవంబరులో బిల్లు తెచ్చింది. మాల్దీవులు మాత్రం మాటల్లో కాలం గడపకుండా, 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పొగాకు అమ్మకం, వాడకం రెండూ 2025 నవంబరు 1 నుంచి ఆపేసింది. సెలవులకు వెళ్లే టూరిస్టులకు కూడా వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి హనీమూన్ ప్యాకేజీలో వెళ్లే జంటల వయసుకు ఇప్పుడే ఇబ్బంది లేదు, ఇంకో అయిదారేళ్లలో వస్తుంది.

దేశాల మధ్య తేడాలు చూడటానికి ఇప్పుడు విమానం కూడా ఎక్కక్కర్లేదు. కర్ణాటక 2025లో కోట్పాకు తన సవరణ తెచ్చి కొనే వయసును 21కి పెంచింది, బహిరంగ స్థలంలో తాగితే జరిమానాను 200 నుంచి 1,000 రూపాయలకు చేసింది. తెలంగాణలో వయసు 18, జరిమానా 200 అలాగే ఉన్నాయి. బీదర్‌లో 19 ఏళ్ల కుర్రాడికి సిగరెట్ అమ్మితే నేరం. బస్సెక్కి గంట లోపే జహీరాబాద్‌లో దిగితే కాదు. రెండు ఊళ్ల బస్టాండ్ల బయటా అవే డబ్బాలు, అదే లైటర్. అన్నా, ఒక చిన్నది అంటే విడిగా ఒకటి వస్తుంది. పుట్టినతేదీ ఏ పక్కా అడగరు.